నాన్నా నేనూ ఒకే బ్యాచ్

మా ట్రైనింగ్ కాలేజీ బ్యాచ్‌లో అందరికంటే పెద్దవారు మా నాన్న. అందరికంటే చిన్నదాన్ని నేను. ఇంటిపేరు ఒకటే కావడంతో హాజరు పట్టీలో మా నంబర్లు పక్కపక్కన పడ్డాయి. ఆ కాలేజీలో ఏ పనికైనా జంటల్ని నంబర్ల వరసనే కట్టేవారు. ఒకరినొకరు ప్రశ్నలు అడగాలన్నా, ఒకరి పాఠం ఇంకొకరు వెనక బెంచీలో కూర్చుని చూసి తప్పొప్పులు చెప్పాలన్నా నాకు నాన్న, నాన్నకి నేను. జంట మార్చమని ఆఫీసు గుమాస్తాని బతిమాలాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఇంట్లో పడనివాళ్లకి వేరే ఏర్పాటు లేదమ్మా" అన్నాడు.

నాన్న అప్పటికి ఇరవై రెండేళ్లుగా ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నారు. ఆయన తరగతిలో ఎక్కాలు చెప్పిస్తుంటే పక్క వీధిలో టైలరు కత్తెర ఆపి వినేవాడని చెప్పుకునేవారు. ఆ ఏడాది కొత్త రూలు వచ్చింది, ట్రైనింగ్ లేనివాళ్లు పాఠం చెప్పకూడదని. బడి యజమాని మంచివాడే. నాన్నని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, "ఈ ఏడాది సెలవిస్తాను. వచ్చే ఏడు బడి తెరిచేసరికి మీరు ట్రైనింగ్ పాసై ఉండాలి మాస్టారూ. లేకపోతే నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. నాన్నకి నలభై ఎనిమిదేళ్లు. ఇంకో పని ఆయనకి రాదు. వచ్చినా చెయ్యరు. అదే ఏడాది నేను డిగ్రీ ముగించి, కాలేజీ ఫస్టు వచ్చానన్న పొగరుతో ట్రైనింగ్‌లో చేరాను. అలా పొద్దున్నే ఇద్దరం ఒకే గొడుగు కింద బయలుదేరేవాళ్లం.

నాన్నకి ఒక అలవాటు. ప్రశ్న అడిగి జవాబు తనే చెప్పేస్తారు. "టీ పెట్టావా? పెట్టలేదులే" అనేవారు అమ్మతో, అక్కడ గిన్నెలో టీ మరుగుతుండగానే. ఇంటికొచ్చిన బంధువు "ఒంట్లో బావుంటోందా వదినా" అని అమ్మని అడిగితే, "దానికేం, రాయిలా ఉంది" అని నాన్న అందుకునేవారు. అమ్మ తెరిచిన నోరు మూసి నవ్వేది. మాకెవరికీ అది వింతగా తోచేది కాదు. ఇల్లంటే అలాగే ఉంటుందనుకునేవాళ్లం.

వానలు మొదలైన వారంలోనే సైకాలజీ ప్రాక్టికల్స్ వచ్చాయి. మా మేడమ్‌కి గడియారం మేడమ్ అని పేరు. చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని గానీ క్లాసులో కూర్చునేది కాదు. నాన్నకంటే పదేళ్లు చిన్న. ఆవిడ మా అందరికీ తలో కాగితం ఇచ్చి, జంటలో ఒకరు అడగాలి, ఇంకొకరు చెప్పాలి, మనిషి స్వభావం ఏ రకమో దాంట్లో తేలుతుంది అంది. కిటికీ పక్కన తడిసిన గొడుగులన్నీ వరసగా వేలాడుతున్నాయి. నేను మొదలుపెట్టాను.

"నలుగురిలో మాట్లాడాలంటే మీకు బిడియమా? అవును, కాదు, చెప్పలేను. మూడింట్లో ఒకటి చెప్పండి."

"కాదు. తర్వాత?"

"ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అందుకుంటారా?"

"కాదు."

నేను కలం ఆపి నాన్న వంక చూశాను.

"ఏమిటలా చూస్తావు? నేనెప్పుడైనా అందుకున్నానా? లేదు. రాసుకో."

రాసుకున్నాను. ఇక నన్ను అడగడం ఆయన వంతు. కాగితం దూరంగా పట్టుకుని, "నలుగురిలో మాట్లాడాలంటే... దీనికి అడగడం కూడా ఎందుకు, బిడియమే" అని టిక్కు పెట్టేశారు. "కొత్తవాళ్లతో తొందరగా కలిసిపోతావా? ఎక్కడ, మేనత్త వచ్చినా గదిలోంచి బయటికి రావు." ఇంకో టిక్కు. నేను నోరు విప్పకుండానే నా స్వభావం మొత్తం తేలిపోయింది.

వెనకనుంచి మేడమ్ వచ్చి నిలబడింది. "మాస్టారూ, మీ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఇన్ని జవాబులు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"కన్నవాణ్ణి కదా మేడమ్ గారూ. నాకు తెలియదా?"

మేడమ్ నవ్వలేదు, కోప్పడలేదు. అందరివైపూ తిరిగి, "టీచరుకి తెలివి సగం, స్వభావం సగం. తెలివి మీరు చదువుకుని తెచ్చుకున్నారు. రెండో సగం సంగతి చూడ్డానికే ఈ ఏడాది" అంది. నా వెనక కూర్చున్నమ్మాయి నా చెవిలో, "మీ ఇద్దర్నీ కలిపి కుట్టేస్తే ఒక మంచి టీచరు తయారవుతుందే" అంది. ఆ మాట సాయంత్రానికల్లా కాలేజీ అంతా పాకింది. ఎందుకంటే నా గొంతు మొదటి బెంచీ దాటదు. మైక్రో టీచింగ్‌లో, అంటే తోటి ట్రైనీలనే పిల్లలనుకుని చెప్పే చిన్న పాఠాల్లో, నేను పాఠం చెబుతుంటే తోటివాళ్లు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినేవారు, నన్ను ఏడిపించడానికి. నాన్న పాఠం చెబుతుంటే చెవులు మూసుకునేవారు.

టీచింగ్ ప్రాక్టీసు కాలేజీ ఎదురుగా ఉన్న బడిలో పెట్టారు. పొడవాటి వరండా, రేకుల కప్పు, ఆరో తరగతి. బోర్డు ఒక మూల నల్లరంగు పోయి తెల్లగా ఉండేది. అక్కడ రాసింది ఎవరికీ కనిపించదు. నాన్న మొదటి రోజే ఆ మూల కనిపెట్టి దానికి నమస్కారం పెట్టి పక్కన రాయడం మొదలుపెట్టారు. పిల్లలు పడిపడి నవ్వారు.

నిజం చెప్పాలి. నాన్న తరగతిలో నిలబడితే చూడముచ్చటగా ఉండేది. వాన రేకుల మీద దబదబ బాదుతున్నా ఆయన గొంతు దాని పైనుంచి వినిపించేది. దీర్ఘచతురస్రం గీస్తే స్కేలు పెట్టి గీసినట్టుండేది. "పొడవుని వెడల్పుతో ఏం చెయ్యాలి? గుణించాలి. గుణిస్తే ఏమొస్తుంది? వైశాల్యం. దేనిలో చెప్పాలి? చదరపు మీటర్లలో." పిల్లలు కళ్లప్పగించి చూస్తున్నారు. రెండో బెంచీలో పెన్సిలు నమిలే అమ్మాయి ఒకతి ప్రశ్న వినగానే సగం చెయ్యి ఎత్తేది. అప్పటికే జవాబు వచ్చేసేది. చెయ్యి దించేది. మళ్లీ ఎత్తేది, మళ్లీ దించేది. పాఠం అయ్యేసరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం అందరం ఒక గదిలో చేరాం. పాఠం చూసిన జంటమనిషి లేచి ఒక మంచి, ఒక మార్చుకోవలసింది చెప్పాలి. అది అక్కడి పద్ధతి. నేను లేచాను.

"గొంతు చాలా బావుంది" అన్నాను.

"అది గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చెప్పాడు. మార్చుకోవలసింది చెప్పు" అంది మేడమ్.

"ఏమీ లేదు మేడమ్."

"నీ పక్కన కూర్చున్నది మీ నాన్నగారు కాదు. ఈ ఏడాది పాసవ్వాల్సిన ఒక ట్రైనీ. ఆయనకి పనికొచ్చేది చెప్పు."

నాన్న ఉద్యోగం సంగతి నాకు తెలుసు. మొగమాటపడితే ఆయనకే నష్టమనీ తెలుసు. "ఆయన ప్రశ్న అడిగి జవాబు తనే చెప్పేస్తున్నారు. ఒక్కసారి కూడా ఆగలేదు. రెండో బెంచీ అమ్మాయి చెయ్యెత్తి ఎత్తి మానేసింది" అన్నాను. ఆ ఏడాదిలో నా గొంతు చివరి బెంచీ దాకా వినిపించడం అదే మొదటిసారి. ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న తన అరచేతుల్లో సుద్దపొడి చూసుకుంటూ కూర్చున్నారు.

"విన్నారుగా మాస్టారూ" అంది మేడమ్ మెల్లిగా. "ఫైనల్ లెసన్ చూడ్డానికి వచ్చేది బయటి ఎగ్జామినర్. ఆయన మార్కులేసేది మీరు మాట్లాడినదానికి కాదు, పిల్లలు మాట్లాడినదానికి. ఇలాగే చెబితే నేను పాస్ చేయించాలన్నా నావల్ల కాదు."

ఆ సాయంత్రం జోరున వాన. నాన్న గొడుగు నా చేతిలో పెట్టి, తను తడుస్తూ పది అడుగులు ముందు నడిచారు. అంత కోపంలోనూ గొడుగు నాకే ఇచ్చారు చూడండి, అందుకే ఆయన మీద నాకు పూర్తిగా కోపం వచ్చేది కాదు.

ఇంట్లో అడుగుపెడుతూనే, "నీ కూతురు నలుగురిలో నా పరువు తీసింది" అన్నారు అమ్మతో. అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి ఉంది. జరిగింది నేను చెప్పాను. అమ్మ ఇటు తిరగలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఏడుస్తున్నావా ఏమిటే?" అన్నారు నాన్న కంగారుగా.

"నవ్వుతున్నాను లెండి."

"దీంట్లో నవ్వడానికేముంది?"

"నాతో ఒక్కదానితోనే అలా ఉంటారనుకున్నాను ఇన్నాళ్లూ. బళ్లో పిల్లల పని కూడా అంతేనన్నమాట."

నాన్న తువ్వాలు తల మీదే వదిలేసి ఆమెని చూశారు. "నేను నిజంగా అలా చేస్తానా? చెయ్యనే" అన్నారు.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తను ఇప్పుడు చేసిందేమిటో నాన్నకి అప్పుడు తట్టింది. తువ్వాలుతో మొహం కప్పుకుని కుర్చీలో కూలబడ్డారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "నాకు ఇంకో పని రాదే" అన్నారు తువ్వాలు లోపలనుంచే. అమ్మ నవ్వు ఆగిపోయింది.

మర్నాటినుంచి మా హాలు తరగతి గది అయింది. అలమర తలుపు మీద సుద్దతో రాయడం, నేనూ అమ్మా చాప మీద పిల్లలమై కూర్చోవడం. నేను బుద్ధిమంతురాలు వేషం. అమ్మ ఏమీ రాని పిల్ల వేషం. ఆ వేషం అమ్మ ఎంత ఇష్టంగా వేసేదో చెప్పలేను. జడ ముందుకి వేసుకుని, కొస నములుతూ, కావాలని తప్పు జవాబులు చెప్పేది.

"ఏడెనిమిదులు ఎంత? యాభై..." అని మొదలుపెట్టి నాన్న నాలుక కరుచుకునేవారు. నోరు మూయడానికి ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. లోపల అంకెలు లెక్కపెట్టుకున్నారు, ఆ అంకెలే పైకి అనేశారు. పెదవులు బిగించారు, పక్కనుంచి జవాబు కారిపోయింది.

చివరికి ఉపాయం చెప్పింది అమ్మే. "ప్రశ్న అడగ్గానే నోట్లో మంచినీళ్లు పోసుకోండి. పిల్లలు జవాబు చెప్పేదాకా మింగకండి" అంది.

అది పనిచేసింది. "ఏడెనిమిదులు ఎంత?" అని నాన్న గ్లాసు ఎత్తారు. అమ్మ చాలాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి, "నలభై తొమ్మిదండీ" అంది. నాన్న బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి, కళ్లు పెద్దవయ్యాయి, మెడ నరాలు తేలాయి. నీళ్లు మాత్రం బయటికి రాలేదు. "తప్పాండీ?" అంది అమ్మ అమాయకంగా. "అయితే... నలభై తొమ్మిదికి ఇంకో ఏడు కలపాలేమో. యాభై ఆరు." నాన్న గుటక వేసి, ఊపిరి పీల్చుకుని, అమ్మని కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

ఇక బళ్లోకి కూడా స్టీలు గ్లాసు వచ్చింది. మొదటి రోజు పిల్లలు మాస్టారికి పంటినొప్పి అనుకున్నారు. రెండో రోజు అది ఆట అనుకున్నారు. మూడో రోజు నాన్న ప్రశ్న అడిగి నీళ్లు పోసుకుని చూస్తే, తరగతిలో సగంమంది సీసాలెత్తి నీళ్లు పోసుకుని బుగ్గలు ఉబ్బించి ఆయన్నే చూస్తున్నారు. ఎవరూ మింగరు. ఎవరూ మాట్లాడరు. వెనక బెంచీలో నాకు నవ్వాగక బల్ల కింద తల దూర్చాను. ముందుగా పొరబోయింది నాన్నకే. ఆ నీళ్లన్నీ మేడమ్ మెచ్చుకున్న చార్టు మీద పడ్డాయి. తరగతి తరగతంతా ఒకేసారి దగ్గింది. నేల తుడవడానికి బంట్రోతు వచ్చేదాకా పాఠం నడవలేదు.

మేడమ్ వరండాలోకి పిలిచి, "మాస్టారూ, పాఠంలో నీళ్లు వద్దు" అని మాత్రం అంది. గడియారం అరచేతిలో పెట్టుకుని అటు తిరిగిపోయింది. ఆవిడ కూడా నవ్వు ఆపుకుంటోందని నాకు గట్టి అనుమానం.

నా గతి కూడా అంత గొప్పగా లేదు. నా పాఠం చూసి నాన్న లేచి చెప్పిన మాట ఇప్పటికీ మా బ్యాచ్‌వాళ్లు కలిస్తే అంటారు. "పాఠం బంగారం. వినిపిస్తే." వాన తెరిపి ఇచ్చిన సాయంత్రాల్లో ఆయన నన్ను డాబా మీదికి తీసుకెళ్లేవారు. నన్ను ఒక మూల నిలబెట్టి, తను నీళ్ల ట్యాంకు వెనక కూర్చునేవారు, కనబడకుండా. "అరవకు. అరిస్తే గొంతు పోతుంది. ఇక్కడ నేనున్నానని నమ్మి చెప్పు" అనేవారు. నేను చెప్పేదాన్ని. వినబడకపోతే అటునుంచి ఏ చప్పుడూ ఉండేది కాదు. వినబడితే ట్యాంకు మీద వేలితో టక్కున కొట్టేవారు. ఆ వానాకాలం తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ టక్కుమనే చప్పుడే. మొదట్లో ఎప్పుడో ఒకటి వచ్చేది. తర్వాత తర్వాత వరసగా రావడం మొదలైంది. మనిషి కనబడకుండా ఉంటే నాన్న ఎంత బాగా వింటారో అనుకునేదాన్ని.

నీళ్ల గ్లాసు పోయాక బళ్లో ఆయనకి ఏ ఊతమూ లేదు. ఒకరోజు ఆగేవారు, రెండోరోజు అందుకునేవారు. అందుకున్న రోజు భోజనం దగ్గర ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఫైనల్ లెసన్స్ వారం దగ్గరపడింది. బడి యజమాని ఒకసారి దారిలో కనబడి, "ఎలా సాగుతోంది మాస్టారూ" అని అడిగాడు. నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేకనో, ఆగడం అలవాటవుతోందో నాకు అర్థం కాలేదు.

నా ఫైనల్ లెసన్ ముందు రోజే అయిపోయింది. గొప్పగా ఏమీ లేదు, పాడూ కాలేదు. చివరి బెంచీకి వినిపించింది, అదే నాకు పండగ.

నాన్న పాఠం మర్నాడు రెండో పీరియడ్. ఎగ్జామినరు బక్కపలచటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మొహంలో ఏ భావమూ లేదు. మేడమ్ పక్కన కూర్చున్నాడు. నేను వాళ్ల వెనక. పాఠం భిన్నాలు. లెసన్ ప్లాన్‌లో వరసగా అన్నీ ఉండాలి. పాత పాఠం గుర్తు చెయ్యడం, కొత్త పాఠం, బోర్డు మీద ముగింపు, చివర ఇంటిపని. ఒక్కటి తగ్గినా మార్కులు పోతాయి. నాన్న మొదటి పావుగంట చక్కగా లాగించారు. ఆ తర్వాత బోర్డు మీద ఒకటి బై మూడు, ఒకటి బై నాలుగు రాసి, "ఈ రెంటిలో ఏది పెద్దది?" అని అడిగారు.

ఆగారు.

బయట సన్నగా వాన. పెన్సిలు నమిలే అమ్మాయి చెయ్యెత్తింది. "నాలుగో వంతండీ. మూడు కంటే నాలుగు పెద్దది కదండీ."

నాన్నకి ఈ జవాబంటే ఒళ్లుమంట. ఇరవై రెండేళ్లలో ఈ తప్పుని కొన్ని వందలసార్లు విని, కొన్ని వందలసార్లు మధ్యలోనే దిద్దేసిన మనిషి. ఆయన కుడిచెయ్యి డస్టర్ మీదికి వెళ్లింది. ఎడమచేత్తో ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి పెట్టుకున్నారు.

"బోర్డు మీద గీసి చూపిస్తావా?" అన్నారు.

ఆ పిల్ల వచ్చి పైన పొడవాటి రొట్టె ఒకటి గీసి మూడు ముక్కలు చేసింది. కింద ఇంకో రొట్టె గీసింది. అది బోర్డు చివరిదాకా పోయింది, పైదానికి రెట్టింపు పొడవు. దాన్ని నాలుగు చేసింది. చూస్తే నిజంగానే నాలుగో వంతే పెద్దది. "చూశారాండీ" అంది ధైర్యంగా. తరగతి మొత్తం ఆమె పక్షం చేరిపోయింది. మేడమ్ గడియారం చూసుకుంది. ఎగ్జామినరు ఏదో రాసుకున్నాడు.

"రెండూ ఒకే రొట్టేనా?" అని అడిగారు నాన్న.

ఇక ఒక్క మాట లేదు. ఆ పిల్ల బోర్డు చూస్తూ నిలబడింది. నాన్న ఆ పిల్లని చూస్తూ నిలబడ్డారు. ఆయన మెడ మీద చెమట కాలరులోకి దిగడం నాకు కనబడుతోంది. ఇంటిపని ఇవ్వడానికి ఉన్న టైము కరిగిపోతోంది. ముగింపు రాయడానికి ఉన్నది కూడా. చెప్పెయ్యండి నాన్నా అని నాకే అనాలనిపించింది. ఆయన ఆగడం లేదని ఆ రోజు తప్పుపట్టినప్పుడు, ఎదురుచూడటం ఇంత కష్టమని నాకు తెలియదు.

ఆ పిల్ల అరచేత్తో కింది రొట్టె చెరిపేసింది. పైదాని చివర ఎక్కడుందో వేలు పెట్టి చూసుకుని, సరిగ్గా అంతే గీసింది. నాలుగు ముక్కలు చేసింది. వెనక్కి ఒక అడుగు వేసి చూసింది.

"అయ్యో, చిన్నదైపోయిందండీ" అంది. తర్వాత ఇంకాస్త ఆగి, "ఎక్కువమందికి పంచితే తలా కాస్తే వస్తుంది కదండీ" అంది, మాకెవరికీ కాదు, తనకి తనే.

నాన్న నోరు తెరిచారు. బెల్లు మోగింది.

ముగింపు రాయలేదు. ఇంటిపని ఇవ్వలేదు. ఎగ్జామినరు కాగితాలు సర్దుకుని తలూపి వెళ్లిపోయాడు. నాన్న వరండా మెట్టు మీద కూర్చున్నారు. "ఏ రోజూ పాఠం మధ్యలో వదల్లేదే నేను. ఈ ఒక్క రోజే వదలాలా" అన్నారు. మేడమ్ మా పక్కనుంచి వెళ్తూ ఆగింది.

"ఆ పిల్ల బోర్డు దగ్గర ఉన్నంతసేపూ మీరు మాట్లాడలేదు మాస్టారూ."

"అందుకే టైము చాల్లేదు మేడమ్ గారూ."

"తెలుసు" అంది ఆవిడ. గడియారం చేతికి పెట్టుకుని, గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

దాచడం దేనికి, ఫలితం ఇప్పుడే చెప్పేస్తాను. నాన్న పాసయ్యారు, అంచు మీద నిలబడి, ఇంకో రెండు మార్కులు తగ్గితే పోయేవారు. రాతపరీక్షలో నేను కాలేజీ ఫస్టు, పాఠం చెప్పడంలో నడిమధ్య. ఇద్దరం ఆ తర్వాత చాలా ఏళ్లు పాఠాలు చెప్పాం. అయితే అవన్నీ వేసవిలో తెలిసిన సంగతులు. ఆ సాయంత్రం మాకు తెలిసిందల్లా పాఠం పూర్తి కాలేదని, ఉద్యోగం పోవచ్చని.

ఆరని బట్టలకోసం అమ్మ హాల్లో అడ్డంగా తాళ్లు కట్టింది. తడి చీరల మధ్యనుంచి తల వంచుకుని నడవాల్సి వచ్చేది. అమ్మ ఆరినవి తీసి మడత పెడుతోంది. నాన్న జరిగిందంతా చెప్పి, కుర్చీలో కూర్చుని, "నేను ఫెయిలైతే ఏం చేద్దాం?" అన్నారు.

అమ్మ మడత పెడుతూనే ఉంది. జవాబు ఎలాగూ ఆయనే చెబుతారని ఆమెకి తెలుసు. ఒక చొక్కా మడత పెట్టింది. తువ్వాలు దులిపింది. ఎంతకీ ఏమీ వినబడకపోయేసరికి తలెత్తి చూసింది.

"నన్నే అడుగుతున్నారా?"

"నిన్నే."

నాకు ఉండబట్టలేదు. ఏదో అనబోయాను. నాన్న నావైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపారు.

"మీరు పాసైనా, ఫెయిలైనా" అంది అమ్మ మెల్లిగా, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు, "వచ్చే ఏడు ట్రైనింగ్‌లో నేను చేరతాను. డిగ్రీ నేనూ పాసయ్యాను. నాకూ పాఠం చెప్పాలని ఉంది."

"నీకలా ఉందని నాకెప్పుడూ చెప్పలేదే" అన్నారు నాన్న.

"మీరు అడిగారు ఒకసారి. పెళ్లైన కొత్తలో. మీ బళ్లో ఒక ఖాళీ ఉందని చెప్పి, 'నువ్వూ ఉద్యోగం చేస్తావా' అని అడిగారు." అమ్మ చేతిలో నా లంగా ఉంది. దాని కుచ్చిళ్లు సరిచేసింది. "అడిగి, 'ఎందుకులే, హాయిగా ఇంట్లో ఉంటావు' అని మీరే చెప్పేశారు."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. నాన్న ముందుకి వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నారు. ఆయన మొహం అంత చిన్నబోగా నేను చూడలేదు, ఆ రోజు బళ్లో కూడా. క్షమించమని అంటారేమో అనుకున్నాను. అనలేదు.

"అయితే ఇప్పుడడుగుతున్నాను" అన్నారు. "నువ్వు ఉద్యోగం చేస్తావా?"

అమ్మ లంగా మడత ముగించింది. తాడు మీద మిగిలిన బట్టలు తడిమి చూసి, ఆరినవి తీసింది, ఆరనివి తిప్పి వేసింది. మడతలన్నీ ఎత్తుకుని లోపలికి వెళ్లింది. అలమర తలుపు తీసి సర్దుతున్న చప్పుడు వినబడింది. నాన్న కదల్లేదు. నేనూ కదల్లేదు. అమ్మ తిరిగొచ్చి, తడి చీర పక్కకి తప్పించి, నాన్న ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చేస్తాను" అంది.